గొలుసుకట్టు రాత నుంచి యూనివర్సిటీ వెబ్‌సైటు దాకా

పోయినసారి భూమి కాగితాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కాగితం మీది రాత గురించి మాట్లాడుకుందాం. కాస్త పొడుగ్గా ఉంటుంది. తీరిగ్గా చదవండి, మీ హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పెద్దవాళ్లను కరణం దస్త్రం గురించి అడిగి చూడండి. ఆ రాత ఆయనకే తెలియాలి అంటారు. దాని పేరు గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ, మాటకీ మాటకీ మధ్య సందు వదలకుండా పోయే రాత. బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో దాన్ని చదవలేం. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకోవాలి. కరణీకం వంశపారంపర్యం, ఎక్కువ ఊళ్లలో నియోగి బ్రాహ్మణ కుటుంబాలది. అంటే ఊరి భూమి లెక్క మొత్తం ఒకే ఇంటివాళ్లు చదవగలిగిన రాతలో ఉండేది.

ఆ రాత మొదట వేగం కోసం పుట్టి ఉండొచ్చు. రోజంతా లెక్కలు రాసేవాడికి చెయ్యి ఆగకూడదు. పుట్టుక సంగతి అలా ఉంచి, అది చేసిన పని చూడండి. అడంగల్‌లో ఎవరి పేరుంది, సర్వే నంబరు ఎంత, శిస్తు ఎంత అన్నది తెలియాలంటే పెద్ద రైతు కూడా కరణం అరుగు దగ్గరికి పోవాల్సిందే. రైతు అరుగు మీద కూర్చునేవాడు. మాల మాదిగలు అరుగు కింద నిలబడేవాళ్లు. వెట్టి మాన్యం ఎవరి పేరున ఉందో, ఏ ఏడు పేరు మారిందో చదివి చెప్పేవాడు లేడు. తర్వాత ప్రభుత్వం డి-ఫారం పట్టాలిచ్చింది. అలా ఇచ్చిన భూమిని ఎవరూ కొనకూడదని 1977లో చట్టం చేసింది. పట్టా పెట్టెలో ఉంటే భూమి ఇంకొకరి సాగులో ఉండటం మన పల్లెల్లో కొత్త సంగతేం కాదు. కాగితం చేతిలో ఉండటం వేరు, అందులో ఏముందో తెలియటం వేరు.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. పదవి పోయింది. అర్థం కాని రాత దగ్గర కాపలా కూర్చునే పద్ధతి మాత్రం పోలేదు, చోటు మార్చుకుంది. ఇవాళ అది ఎక్కడెక్కడ ఉందో చెప్పాలంటే చాలా ఉన్నాయి. నేను రోజూ చూసే చోటు ఒకటుంది. అది విశ్వవిద్యాలయాల వెబ్‌సైటు.

ఒక్కసారి మన పిల్లల వైపు నుంచి ఆ పేజీ చూడండి. జనవరి, ఫిబ్రవరి నెలలు. అమ్మానాన్నలు మిరప కోతల్లో ఉంటారు, లేదా ఆఖరు పత్తి ఏరుతుంటారు. పిల్ల చేతిలో ఒక ఫోను, అందులో రోజుకింత అని డేటా. పరీక్ష ఫీజు ఎప్పటిలోపు కట్టాలో తెలుసుకోవాలి. వెబ్‌సైటు తెరిస్తే పైన పెద్దల ఫోటోలు. కింద పరిగెత్తే ఎర్ర అక్షరాలు. వాటిలో ఒకదాన్ని ఎలాగో పట్టుకుని నొక్కితే ఒక పీడీఎఫ్. అది సంతకం పెట్టిన కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మ. ఒక్కోసారి అడ్డంగా తిరిగి ఉంటుంది. అంతా ఇంగ్లీషు. మొదటి పేరాలో పాత ఉత్తర్వుల నంబర్లు, రెండో పేరాలో ఏ అధికారి దేన్ని ఆమోదించాడో. పిల్లకు కావాల్సిన తేదీ రెండో పేజీలో ఒక పట్టికలో నాలుగో గడిలో ఉంటుంది.

అప్పుడేం చేస్తుంది? నెట్ సెంటర్‌కి పోతుంది. అక్కడి అబ్బాయి చదివి చెప్తాడు, దరఖాస్తు నింపుతాడు, డబ్బులు తీసుకుంటాడు. తప్పు నింపితే నష్టం పిల్లది. లేదంటే సీనియర్‌ని అడుగుతుంది, ఆఫీసులో అటెండర్‌ని బతిమాలుతుంది. మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు లేకుండా టిక్కీ కదలటం ఎంత కష్టమో మనకు తెలుసు. చదువుకునే చోట కూడా అలాంటి మధ్యమనిషి పుట్టాడు. అతన్ని పుట్టించింది ఆ రాత. అది అర్థమయ్యేలా ఉంటే అతనికి పని లేదు.

చదువుకున్న ఇంటి పిల్లలకు ఈ బాధ తెలియదు. ఇంట్లో అన్నయ్యో బాబాయో చూసి ఒక ముక్కలో చెప్పేస్తారు. మొదటి తరం పిల్లలకు ఆ బాబాయి లేడు. కాబట్టి ఒకే పేజీ ఇద్దరికీ ఒకేలా కనిపిస్తున్నా, ఇద్దరికీ ఒకే దూరంలో లేదు.

మన ప్రాంతంలో ఈ చదువుల వాకిలి ఎలా తెరుచుకుందో కొంచెం గుర్తు చేసుకుందాం. గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ 1885 నాటిది. 1967లో ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు గుంటూరులో పీజీ సెంటర్ పెట్టారు. అదే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. పీజీ చదవాలంటే విశాఖపట్నం పోవాల్సిన అవసరం మన పిల్లలకు అప్పుడు తగ్గింది. 2022లో ఒంగోలులో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం వచ్చింది. ఇటు డబ్బు సంగతి చూస్తే, 1942లో బాబాసాహెబ్ వైస్రాయి ప్రభుత్వానికి ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డు కులాల ఉన్నత చదువుకు సాయం అడిగాడు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. మనలో చాలామంది దాంతోనే చదివాం.

అంటే సీటు కోసం, డబ్బు కోసం రెండు పోరాటాలు జరిగాయి, కొంత గెలిచాం. ఇప్పుడు ఆ సీటుకీ ఆ డబ్బుకీ దారి వెబ్‌సైటు గుండా పోతోంది. నోటిఫికేషన్ అక్కడే, దరఖాస్తు అక్కడే, హాల్ టికెట్టు అక్కడే, ఫలితం అక్కడే. స్కాలర్‌షిప్ కూడా అంతే, ఈపాస్ వచ్చింది, తర్వాత జ్ఞానభూమి వచ్చింది. గేటు దగ్గర ఎవరూ ఆపటం లేదు. గేటు ఎక్కడుందో రాసిన బోర్డు మాత్రం చదవలేకుండా ఉంది.

అర్థమయ్యే తెలుగు కోసం మన భాషలో ఒక పెద్ద పోరాటమే జరిగింది. అది కూడా చదువుల్లోనే, పరీక్షల్లోనే. గిడుగు రామమూర్తి పేరు మీకు తెలుసు, ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు. పాఠ్యపుస్తకాలు చెప్పని సంగతి ఏమంటే, ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర ఆదివాసుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం బడులు పెట్టినవాడు. పిల్లకు అర్థం కాని మాటలో చదువు చెప్పలేమన్న ఎరుక ఆయనకు అక్కడ గట్టిపడిందని నా అభిప్రాయం. 1912-13లో స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని వాడుక భాషలో కూడా రాయొచ్చని ఉత్తర్వు వచ్చింది. పండితులు గొడవ చేశారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ తన అసమ్మతి పత్రం రాసిచ్చాడు. అయినా 1915లో ప్రభుత్వం ఆ వీలును రద్దు చేసింది. ఎలాంటి తెలుగు రాస్తే పాసవుతారు, ఎలాంటి తెలుగు రాస్తే ఫెయిలవుతారు అన్న గొడవ అది. గ్రాంథికం గెలిస్తే ఎవరి పిల్లలు పాసవుతారో చెప్పక్కర్లేదు.

అయితే ఆ ఉద్యమానికి కూడా ఒక హద్దు ఉంది. వాళ్లు అడిగింది శిష్ట వ్యవహారం, అంటే చదువుకున్న పెద్దల వాడుక. మాలపల్లె మాట, మాదిగపల్లె మాట ఆ లెక్కలోకి రాలేదు. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. కాలేజీ చదువులకు తెలుగు పుస్తకాలు తెచ్చింది, అది మంచి పని, మనం ఆ పుస్తకాలు చదివే పరీక్షలు రాశాం. కానీ ఆ పారిభాషిక పదాలు చాలావాటిని సంస్కృతం నుంచి తెచ్చారు. ఇంగ్లీషు మాట రాని పిల్లకు ఆ సంస్కృతం మాట కూడా రాదు. గొలుసుకట్టు మారింది గాని గొలుసు తెగలేదు.

ఇంకో దారి ఉందని చూపించినవాళ్లు మన ప్రాంతం వాళ్లే. భద్రిరాజు కృష్ణమూర్తి ఒంగోలులో పుట్టాడు. వ్యవసాయం మాటల మీద ఆయన తయారుచేసిన మాండలిక వృత్తి పదకోశం 1962లో వచ్చింది. ఆ పని చేసిన తీరు గమనించండి. పండితుల్ని కూర్చోబెట్టి మాటలు పుట్టించలేదు. ఊళ్లకు పోయి, పని చేసేవాళ్లను అడిగి, ఏ జిల్లాలో ఏ పనిముట్టును ఏమంటారో రాసుకొచ్చారు. వేటపాలెం మనిషి బూదరాజు రాధాకృష్ణ తర్వాత పత్రికల్లోకి వచ్చే కుర్రాళ్లకు జనానికి తెలిసిన మాటల్లో వార్త రాయటం నేర్పాడు. ఇద్దరూ చేసింది ఒకటే: మాట వాడేవాడి దగ్గరికి పోవటం.

వాళ్లవి అగ్రకులాల పేర్లు గదా అని మీలో కొందరు అడుగుతారు. పద్ధతి మంచిదైతే తీసుకుందాం. మనకూ సొంత వారసత్వం ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొర మిషను కాలం నుంచి మన పేటల్లో చదువు అచ్చక్షరాలతో మొదలైంది. అచ్చు పుస్తకంలో అక్షరాలు విడివిడిగా ఉంటాయి. నేర్చుకున్న ఎవరైనా చదవొచ్చు, ఎవరి అరుగు దగ్గరికీ పోనక్కర్లేదు. మతం సంగతి ఎవరిష్టం వాళ్లది. గొలుసుకట్టు పక్కన ఆ అచ్చక్షరం ఏం చేసిందో మాత్రం చరిత్రగా చూడాలి.

తర్వాత 1985 జూలై 17 కారంచేడు. ఆ నెత్తుటి మీద దళిత మహాసభ పుట్టింది. దాని అధ్యక్షుడు బొజ్జా తారకం గారు లాయరు. ఆయన రాసిన ఒక చిన్న పుస్తకం పేరు ‘పోలీసులు అరెస్టు చేస్తే’. ఆ పేరు మళ్లీ చదవండి. అందులో చట్టం పేరు లేదు, సెక్షను నంబరు లేదు. మనిషికి వచ్చిన ఆపద ఉంది. పోలీసులు అరెస్టు చేస్తే ఏం చెయ్యాలి? ఆ మనిషి మనసులో ఉన్న ప్రశ్నే పుస్తకం పేరు. చట్టం తెలిసిన మనిషి చట్టం తెలియని మనిషి పక్కన కూర్చుని రాసిన రాత అది. వెబ్‌సైటు ఎలా రాయాలని నన్నెవరైనా అడిగితే ముందు ఆ అట్ట చూపిస్తాను.

ఇప్పుడు ఒక నమూనా చూద్దాం. ఎవరి నోటీసూ కాదు, ఇలాంటివి మీరు వంద చూసి ఉంటారు.

“ద్వితీయ సంవత్సర అభ్యర్థులు నిర్ణీత గడువులోగా పరీక్షా రుసుమును చెల్లించవలసినదిగానూ, తదనంతరం అపరాధ రుసుముతో స్వీకరించబడుననియూ, పునర్మూల్యాంకనమునకు విడిగా దరఖాస్తు చేసుకొనవలెననియూ ఇందుమూలముగా తెలియజేయడమైనది.”

ఇదే విషయం ఇలా రాయొచ్చు:

“డిగ్రీ రెండో సంవత్సరం పరీక్ష ఫీజు
ఎవరు కట్టాలి: రెండో సంవత్సరం వాళ్లు, సప్లీలు ఉన్నవాళ్లు.
చివరి తేదీ: ఫలానా రోజు సాయంత్రం 5 గంటలు.
ఎంత: ఇంత. ఆలస్యమైతే ఇంకో ఇంత.
ఎక్కడ: ఈ లింకులో, లేదా మీ కాలేజీ ఆఫీసులో.
స్కాలర్‌షిప్ ఇంకా రాకపోతే: ఈ అధికారిని కలవండి. ఫోను నంబరు ఇది.
మార్కులు తక్కువ వచ్చాయనుకుంటే రీవాల్యుయేషన్‌కి విడిగా అడగాలి. దాని పేజీ ఇక్కడ.”

రెండోదాంట్లో సప్లీ, రీవాల్యుయేషన్, లింకు అన్న మాటలు ఉన్నాయి. ఉండనివ్వండి. అవి ఇప్పుడు తెలుగు మాటలే. పునర్మూల్యాంకనం అని ఏ పిల్లా అనదు. ఒక వాక్యంలో ఒక సంగతి. కావాల్సింది పైన, ఉత్తర్వు నంబరు కింద. ‘చెల్లించవలసినదిగా’ అంటే ఎవరు ఎవరికి చెప్తున్నారో తెలియదు. ‘మీరు కట్టాలి’ అంటే తెలుస్తుంది. ‘స్వీకరించబడును’ అంటే స్వీకరించేవాడు దాక్కున్నాడని అర్థం. ఫలానా అధికారి తీసుకుంటారు అని రాస్తే, తీసుకోనప్పుడు పోయి ఎవర్ని అడగాలో తెలుస్తుంది. స్పష్టంగా రాసిన వాక్యానికి ఒక మనిషి జవాబుదారీ అవుతాడు. ఆఫీసులు స్పష్టంగా రాయకపోవటానికి ఇది కూడా ఒక కారణమని నేననుకుంటాను.

రాత ఒక్కటే బాగుంటే చాలదు, అది పేజీలో ఎలా పెట్టారన్నది కూడా చూడాలి. యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. అయినా మన డీటీపీ సెంటర్లలో, ఆఫీసుల్లో చాలాకాలం అను ఫాంట్లతో కొట్టారు. అలా కొట్టినదాన్ని వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. స్కాన్ చేసిన బొమ్మ ఇంకా అన్యాయం. చూపు లేని విద్యార్థి ఫోనులో స్క్రీన్ రీడర్ పెట్టుకుంటుంది, అది అక్షరాల్ని చదివి వినిపిస్తుంది. బొమ్మ ఎదురైతే దానికి చదవటానికి ఏమీ దొరకదు. దళిత అమ్మాయి, చూపు లేని అమ్మాయి, పల్లె అమ్మాయి ఒకరే అయితే ఆ పేజీ ఆమెకు మూడుసార్లు మూసుకుంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందేలా ఉండాలని చెప్తోంది. నోటీసును యూనికోడ్‌లో మామూలు అక్షరాలుగా పేజీలోనే పెడితే బొమ్మకన్నా తక్కువ డేటా పడుతుంది, వెతికితే దొరుకుతుంది, చదివించుకోవచ్చు. సంతకం కాగితం కావాల్సినవాళ్లకు దాన్ని కింద పెట్టొచ్చు.

ఇక్కడ మనవాళ్ల నుంచే ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. తెలుగు తెలుగు అంటే మన పిల్లల్ని ఇంగ్లీషుకు దూరం చెయ్యటమేగా? తమ పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో చదివించుకుంటూ మన పిల్లలకు మాతృభాష గొప్పదని చెప్పేవాళ్లను చూశాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు ఎవరెవరు ఎందుకు వద్దన్నారో కూడా చూశాం. ఇంగ్లీషు మన హక్కు. అందులో నేను ఒక్క అంగుళం తగ్గను. కానీ నోటీసు పాఠం కాదు. ఇంగ్లీషు నేర్చుకోవటానికి మూడేళ్లు పడితే పట్టనివ్వండి, ఫీజు తేదీ ఇవాళే తెలియాలి. ఇంగ్లీషు నేర్పే బాధ్యత క్లాసుది. ఆ బాధ్యత ఎగ్గొట్టి, ఇంగ్లీషు రానందుకు గడువు దాటిందని జరిమానా వెయ్యటం రెండుసార్లు కొట్టటం. ఒకే పేజీలో రెండు భాషలూ ఉండాలి. ఆ ఇంగ్లీషు కూడా ఇంటర్ పిల్లకు అర్థమయ్యే ఇంగ్లీషై ఉండాలి.

అన్నిటికన్నా బరువైన సంగతి ఆఖరున చెప్తున్నాను. వివక్ష మీద ఫిర్యాదు. 2012లో యూజీసీ సమానత్వ నిబంధనలు తెచ్చింది. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలి, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మన గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల చనిపోయాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని చివరి ఉత్తరంలో రాశాడు. వెబ్‌సైటు బాగుంటే రోహిత్ బతికేవాడని నేననను. అది అబద్ధం, అవమానం కూడా. అక్కడ అధికారం చేసిన పనికి అధికారమే జవాబు చెప్పాలి. నేననేది ఇంతే: క్లాసులో కులం పేరుతో అవమానం జరిగిన పిల్ల ఆ రాత్రి హాస్టల్ గదిలో ఫోను తెరిస్తే, ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి, చెప్తే తన పేరు బయటికొస్తుందా, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు అన్న నాలుగు సంగతులు రెండు నొక్కుల్లో కనపడాలి. కనపడకపోతే ఆ పిల్ల మటుకు ఆ అధికారి లేనట్టే.

ఇదంతా దయ కింద అడగక్కర్లేదు. 1966లోనే తెలుగు అధికార భాష అని చట్టం వచ్చింది. తర్వాత అధికార భాషా సంఘానికి మొదటి అధ్యక్షుడు సత్తెనపల్లి మనిషి వావిలాల గోపాలకృష్ణయ్య. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ఆఫీసులు అడక్కుండానే సమాచారం బయటపెట్టాలంటుంది. అందులోనే నాలుగో ఉపసెక్షను స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని లెక్కలోకి తీసుకోవాలని కూడా చెప్తోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఈ చట్టం కిందికి వస్తుంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారం ఒక పని చెయ్యండి. మీ యూనివర్సిటీ వెబ్‌సైటు ఫోనులో తెరవండి. ఐదు సంగతులు వెతకండి: పరీక్ష ఫీజు తేదీ, స్కాలర్‌షిప్ చూసే అధికారి నంబరు, హాస్టల్ సీటు ఎలా ఇస్తారు, టీసీ ఎన్ని రోజుల్లో ఇస్తారు, వివక్ష మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి. ఒక్కోదానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. దొరకనివి దొరకలేదని రాయండి. పదిమంది కలిసి చేస్తే అదే ఒక నివేదిక.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెలుగులోనే పెట్టొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఒక్క ప్రశ్న చాలు: 4(4) ప్రకారం ఏయే సమాచారాన్ని తెలుగులో పెట్టారు, ఆ పేజీల లింకులు ఇవ్వండి.

ఆ జవాబు ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చోకండి. మీలో తెలుగు చదివేవాళ్లున్నారు, కంప్యూటర్లు చదివేవాళ్లున్నారు. కొత్త నోటీసు రాగానే ఇద్దరు కూర్చుని దాన్ని పది లైన్ల తెలుగులోకి మార్చి గ్రూపుల్లో పెట్టండి. తేదీలు, నంబర్లు రెండోవాళ్లు సరిచూడాలి, తప్పు తేదీ వెళ్తే దెబ్బ మన పిల్లలకే. ముందుగా మీ ఇంటి పక్కన ఇంటర్ చదివే పిల్లకు చూపించండి. చదివాక ఏం చెయ్యాలో ఆ పిల్ల తన మాటల్లో చెప్పగలిగితే రాత కుదిరినట్టు. చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

జై భీమ్.